వేర్ల బాబాయి

వీధిలో ఎవరింట్లో మురుగు నిలిచిపోయినా సరే, ఆ నేరం తన బాదం చెట్టుదేనని పిలవకుండానే వచ్చి ఒప్పుకోవడం వేర్ల బాబాయికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. మిగతా విషయాల్లో ఆయన మనలాంటి మనిషే. పేపరు చివరి పేజీ నుంచి చదివేవాడు, వెళ్లిన చోటల్లా గొడుగు మరిచిపోయి వచ్చేవాడు, తుమ్మాడంటే అవతలింట్లో నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. కానీ "బాత్రూమ్‌లో నీళ్లు పోవట్లేదు" అన్న మాట ఎక్కడ చెవినపడినా ఆయన ముఖం వెలిగిపోయేది.

"మా చెట్టు వేర్లే!" అనేవాడు, కొడుకు పరీక్షలో ఫస్టు వచ్చాడని చెప్పుకునే తండ్రిలా.

లోకం తీరు ఇలా ఉండదు. గోడ పక్కన చెట్టున్న ఏ ఇంటాయన్నయినా కదిపి చూడండి. "మా చెట్టు వేర్లా? మా చెట్టు అలాంటిది కాదండీ, మీ పైపే నాసిరకం!" అని ఒంటికాలి మీద లేస్తాడు. ఇరుగుపొరుగుల మధ్య మాటలు ఆగిపోయే గొడవల్లో సగం ఇలాంటివే. బాబాయి మాత్రం గొడవ పెట్టుకునే వీలే ఇచ్చేవాడు కాదు. తిట్టడానికి నోరు తెరిచేలోపే ఆయన క్షమాపణ చెప్పేసి, కొక్కెం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు.

ఆ కొక్కెం పెరట్లో మురుగు చాంబరు మీద ఇనప మూత ఎత్తడానికి. దాంతోపాటు ఒక టార్చి, మూత ఉన్న ఒక బకెట్టు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒక సినిమా హాల్లో టార్చి వేసి జనానికి సీట్లు చూపించాడు. హాలు మూతపడ్డాక టార్చి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. పంట్లాం కాళ్లు పైకి మడిచి, "జరగండి, జరగండి, దారివ్వండి" అంటూ వచ్చి, మూత ఎత్తి, టార్చి వేసి లోపలికి తొంగిచూసేవాడు. చూసిన మరుక్షణం టార్చి ఆర్పేసేవాడు. తీర్పు ఎప్పుడూ ఒకటే.

"మా చెట్టు వేర్లే. ఇక మీరంతా లోపలికి వెళ్లండి."

"ఎందుకు బాబాయ్? చూస్తే ఏం?"

"వేర్లు తీసేటప్పుడు మనుషులు చూడకూడదు. బెదిరిపోయి ఇంకా లోపలికి పోతాయి."

ఇది విని వీధి పనులకు వచ్చే ప్లంబర్ కడుపుబ్బ నవ్వేవాడు. ఒకసారి వీధి చివర మిట్ట మీద ఉన్న డాబా ఇంట్లో నీళ్లు ఆగిపోతే బాబాయి అక్కడికీ వెళ్లి నేరం ఒప్పుకున్నాడు. ప్లంబర్ ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబాయ్, నీ చెట్టు ఎక్కడో కింద ఉంది. ఈ ఇల్లు మిట్ట మీదుంది. మధ్యలో ఇంత రోడ్డుంది. వేరు రోడ్డు దాటి మిట్టెక్కిందా?"

"ఎక్కింది. అటూ ఇటూ చూసుకునే రోడ్డు దాటింది. మా చెట్టుకు పట్టుదల ఎక్కువ."

దాంతో ఆటపట్టించడం వీధికి అలవాటైపోయింది. ఎవరి ఫోనులోనో సిగ్నల్ రాకపోయినా, "వేర్లేనా బాబాయ్?" అనేవారు. ఆయన తల పైకెత్తి కాసేపు ఆలోచించి, "సిగ్నల్ పైనుంచి కదా వచ్చేది. కొమ్మలై ఉంటాయి" అని జవాబిచ్చేవాడు.

ఆయన పక్కింటికి కొత్తగా ఒక కోడలు కాపురానికి వచ్చింది. ఆ ఇంటి అత్తగారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. రిటైరయింది బడి నుంచే గాని ఆ పదవి నుంచి కాదు. వీధి సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే. కేకలు వేయడం ఆవిడ ఎరగదు. ఒక కనుబొమ్మ పైకెత్తేది, అంతే, ఎదుటివాడు చేయని తప్పు కూడా ఒప్పుకునేవాడు.

మొదటిసారి వంటంతా తన చేతికి వచ్చిన రోజున కోడలు ఫోనులో వాళ్లమ్మతో మాట్లాడుతూ కూర మాడ్చేసింది. మాడ్చడమంటే అలా ఇలా కాదు, గిన్నె అడుగేదో కూర ఏదో తెలియనంతగా. అత్తగారు బజారు నుంచి వచ్చే వేళయింది. చెత్తబుట్టలో వేస్తే కనిపిస్తుంది. కాలుతున్న గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని పరుగెత్తి మొత్తం టాయిలెట్లో కుమ్మరించి, బకెట్లకు బకెట్లు నీళ్లు పోసింది. కూర పోయింది. దానితోపాటు మసిగుడ్డా పోయింది. సాయంత్రానికల్లా ఇంట్లో ఏ తూములోనూ చుక్క నీరు దిగడం మానేసింది.

ఎవరు చెప్పారో ఏమో, బాబాయి ప్రత్యక్షమయ్యాడు. పెరట్లో చాంబరు మూత ఎత్తుతుంటే కోడలి గుండె జారిపోయింది. అత్తగారు కనుబొమ్మను సిద్ధంగా పెట్టుకుని నిలబడి ఉంది. టార్చి వెలిగింది. టార్చి ఆరింది. బాబాయి తలెత్తి ఒక్కసారి కోడలి వైపు చూసి అత్తగారి వైపు తిరిగాడు.

"వదినగారూ, నన్ను క్షమించాలి. మా చెట్టు వేర్లే."

"ఇంత లోపలి దాకానా?"

"పక్కిల్లే కదండీ. మా చెట్టుకు మొహమాటం తక్కువ."

అత్తగారు చెట్టు వైపు కనుబొమ్మ ఎత్తి లోపలికి వెళ్లిపోయింది. కోడలికి ప్రాణం లేచివచ్చింది. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది, మళ్లీ కలిపి ఇచ్చింది. 'పాపం, వయసు మీద పడింది. గుడ్డకీ వేరుకీ తేడా తెలియట్లేదు' అని మనసులో జాలిపడింది కూడా. ఇంత మంచి మతిలేని మనిషి పక్కింట్లో ఉండటం తన అదృష్టమనుకుంది.

ఎదురింటి లెక్కల మాస్టారి సంగతి ఇంకోటి. ఆయన జుట్టు వీధిలో అందరికీ అసూయ. ఆ వయసులో ఒక్క తెల్లవెంట్రుక లేకుండా నిగనిగలాడేది. ఒకనాడు వాళ్లింట్లో మురుగు పొంగింది. బాబాయి మూత ఎత్తి, టార్చి వేసి, ఆర్పి, చేయి పెట్టి లాగేసరికి నల్లగా, గుబురుగా ఒక కుచ్చు పైకి వచ్చింది. ఆ రోజు జనాన్ని పంపించడం ఆలస్యమై, పక్కనే ఉన్న కోడలితో సహా నలుగురూ చూశారు.

"అబ్బో! ఎంత సన్నటి వేర్లో!" అన్నారు.

"పిల్లవేర్లు. ఇవే ప్రమాదం" అని బాబాయి గబుక్కున బకెట్లో వేసి మూతపెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మాస్టారు తలకు మఫ్లర్ చుట్టుకుని తిరిగాడు. జలుబన్నాడు. ఎండలు మండిపోతున్నాయి. అయినా పిల్లవేర్లకూ మాస్టారి జలుబుకూ ఏదో చుట్టరికం ఉందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వీధంతా బాబాయి పిచ్చిని చూసి నవ్వుకునే హడావుడిలో ఉంది.

ఇంతలో అత్తగారికి డాక్టర్ పొద్దున్నే ఓట్స్ జావ తాగమన్నాడు. కోడలు రోజూ శ్రద్ధగా కాచి ఇచ్చేది. అత్తగారు గిన్నె తన గదిలోకి తీసుకుపోయి, కాసేపటికి ఖాళీగా తెచ్చి పెట్టేది. గిన్నె అద్దంలా ఉండేది. తన చేతి వంట అత్తగారికి ఇంతగా నచ్చినందుకు కోడలు మురిసిపోయేది.

మళ్లీ వాళ్లింట్లోనే నీళ్లు ఆగిపోయాయి. ఈసారి బాబాయి వచ్చేసరికే చాంబరు పొంగి, తెల్లగా, చిక్కగా, సున్నం ముద్దలాంటిదేదో పెరట్లోకి పాకింది. గోడ మీంచి జనం తొంగిచూస్తున్నారు.

"ఇదేమిటి బాబాయిగారూ, తెల్లగా?" అని కోడలు అడిగింది.

బాబాయి ఒక్క క్షణం తడబడ్డాడు. "వేరు పాలమ్మా. చెట్టు ముదిరితే కారతాయి."

"అవును," అంది అత్తగారు వెంటనే, "నేనూ ఎక్కడో చదివాను."

అలా జరిగిపోతుండగా వచ్చింది అసలు చిక్కు. వీధి సంఘం సమావేశంలో అత్తగారు లేచి నిలబడి మాట్లాడింది.

"ఈ వీధిలో మురుగు నిలిచిన ప్రతిసారీ కారణం ఒకటే. సాక్షులు అక్కర్లేదు, ఇంటాయనే ఒప్పుకున్నాడు. ఆ చెట్టు మన పునాదుల దాకా వెళ్లకముందే కొట్టించేద్దాం. కొట్టించే ముందు ప్లంబర్‌తో అన్ని లైన్లలోనూ కెమెరా పెట్టించి వేర్లు ఎక్కడిదాకా పోయాయో చూద్దాం. ఒక్క వేరు మిగిలినా లాభం లేదు."

అందరూ సరేనన్నారు. మాస్టారూ సరేనన్నాడు. అసలు విచిత్రమంతా అక్కడే ఉంది. తమ ఇంట్లో అడ్డుపడింది వేరు కాదని ఎవరికి వారికి తెలుసు. మిగతా ఇళ్లన్నిటిలో మాత్రం నిజంగా వేర్లేనని ప్రతివాళ్లూ నమ్మారు. కోడలు కూడా నమ్మింది.

బాబాయి ముఖం చిన్నబోయింది. "అంతేనంటారా?" అన్నాడు చివరికి. అంతేనన్నారు.

కోడలికి ఎందుకో మనసు ఊరుకోలేదు. మర్నాడు బాబాయి ఇంటికి వెళ్లింది. ఆయన భార్య, వీధి మొత్తానికి పిన్ని, ఎప్పటిలాగే బాదం చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ మోకాళ్లు వాకిలి దాటనివ్వవు. కూరలు తరిగేది అక్కడే, పేపరు చదివించుకునేది అక్కడే, బడికి వెళ్లే పిల్లల తగువులు తీర్చేది అక్కడే. దారిన పోయే వాళ్లెవరూ ఆవిడతో రెండు మాటలు మాట్లాడకుండా పోయేవారు కాదు. ఆ వాకిట్లో ఇంకెక్కడా నీడ లేదు.

"చెట్టు పోతే ఎలా పిన్నీ?"

"ఎలాగేముంది? గదిలో కూర్చుంటా. నేనూ, మంచం, ఎదురుగా గోడ. గోడతో మాట్లాడటం నేర్చుకోవాలి." నవ్వుతూనే అంది గాని ఆవిడ గొంతు నవ్వలేదు.

"బాబాయిగారు అడ్డుచెప్పొచ్చు కదా?"

"ఏమని చెబుతాడు? వేర్లు కావంటే మరేమిటని అడుగుతారు. అప్పుడు ఎవరిదో గుట్టు బయటపెట్టాలి. ఆయన వల్ల కాదమ్మా."

"గుట్టా? ఎవరిది?"

"నాకేం తెలుసు? నాతో చెబితేగా! హాల్లో అన్నేళ్లు టార్చి పట్టుకున్నాడు. చీకట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, డబ్బిచ్చి టికెట్టు కొని ఎవరు కూర్చుని ఏడుస్తున్నారో, అన్నీ కళ్లబడేవి. ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. టార్చి వెయ్యడం ఎవడైనా వేస్తాడే, టక్కున ఆర్పడమే నా ఉద్యోగం అనేవాడు. ఏ కొంపలో ఏది అడ్డుపడ్డా చెట్టు మీద వేసేస్తాడు. చెట్టుకు పరువేముంది, పోవడానికి?"

కోడలికి ఆ రోజు టార్చి ఆర్పి ఆయన తన వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. గుడ్డకూ వేరుకూ తేడా తెలియని మనిషి చూపు కాదు అది. మతిలేనిది ఆయనకు కాదు, తనకే. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే ఆయనంటే చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. నోరు విప్పితే అత్తగారు. విప్పకపోతే పిన్ని.

ఆదివారం పొద్దున్నే ప్లంబర్ కెమెరా తెచ్చాడు. పొడుగాటి తీగ, దాని కొసన గుండీ అంత కెమెరా, ఈ చివర చిన్న తెర. వీధంతా గుమిగూడింది.

"ఎవరింటి నుంచి మొదలుపెట్టమంటారు?"

"మాస్టారింటి నుంచి" అన్నాడు మిట్ట మీది డాబా ఆయన.

"మాదెందుకు? ముందు ఆ మూలింటి టైలర్‌ది చూడండి" అన్నాడు మాస్టారు, మఫ్లర్ లేకపోయినా తల తడుముకుంటూ.

"మా లైను అందరికన్నా చిన్నదండీ. పైనుంచి రండి" అన్నాడు టైలర్.

వాళ్లు వాదించుకుంటుండగానే బాబాయి వెళ్లి కోడలి ఇంటి చాంబరు మూత మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు.

"చెట్టు కొట్టెయ్యండి. కావాలంటే ఇప్పుడే గొడ్డలి తెస్తా. కెమెరా మాత్రం వద్దు."

"ఎందుకు వద్దు?" అత్తగారి కనుబొమ్మ లేచింది.

బాబాయి అటూ ఇటూ చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు సాకు దొరకలేదు. "వేర్లకు... సిగ్గండీ" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. కోడలు మాత్రం నవ్వలేకపోయింది. కెమెరాలో వేర్లు కనబడకపోతే మరి అడ్డుపడిందేమిటని అడుగుతారని, తన పరువు కోసం ఆ మనిషి చెట్టునూ, ఆ నీడన కూర్చునే పెళ్లాం కుర్చీనీ వదులుకుంటున్నాడు. ఆమె కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మా ఇంట్లో అడ్డుపడింది వేర్లు కాదు అత్తయ్యా, మసిగుడ్డ! కూర మాడ్చి టాయిలెట్లో పోశాను, గుడ్డ కూడా పోయింది. బాబాయిగారు చూశారు. చూసి కూడా మీతో చెప్పలేదు."

నవ్వులు ఆగిపోయాయి. "ఊరుకోమ్మా, ఏమిటా మాటలు, అవి వేర్లే" అని బాబాయి కంగారుపడుతున్నాడు. కానీ లెక్కల మాస్టారి ముఖంలో ఏదో లెక్క తేలినట్టయింది.

"అంటే... అందరి ఇళ్లలోనూ వేర్లు కావా? నా ఒక్కడిదే అనుకున్నాను!" ఆయన నిగనిగలాడే జుట్టును రెండు వేళ్లతో పైకెత్తి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది కొత్తది. పాతది ఆయన బకెట్లోకి పోయింది."

"మావి గుడ్డపీలికలు" అన్నాడు టైలర్. "కత్తిరింపులన్నీ అందులోనే పారబోసేవాణ్ణి."

"సిగరెట్ పెట్టెలు" అన్నాడు మిట్ట మీది డాబా ఆయన, వెనక్కి తిరిగి చూస్తూ.

"మానేశానన్నారు?" అని వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. ఆ ఇంటి కథ తర్వాత ఏమైందో మనకు అనవసరం.

ఇక మిగిలింది అత్తగారు. అందరి చూపులూ ఆవిడ మీదికి తిరిగాయి. తెల్లటి ముద్ద అందరికీ గుర్తుంది. కోడలికి ఇంకోటి కూడా గుర్తుంది. అద్దంలా కడిగిన గిన్నె కళ్ల ముందు మెరిసింది. రోజూ పొద్దున్నే తను కాచిన జావంతా ఏ దారిన పోయిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"ఏమిటలా చూస్తారు?" అంది అత్తగారు. "మొదటిసారి సంగతి నాకు తెలియదు. రెండోసారి మా ఇంట్లో మాత్రం వేర్లే. పాలు కారాయి. అందరూ చూశారు."

"ముమ్మాటికీ వేర్లే వదినగారూ!" అన్నాడు బాబాయి, గుండెల మీద చేయి వేసుకుని. "మీ ఇంట్లో మాత్రం వేర్లే."

"బాదం చెట్టుకు పాలెక్కడివి బాబా..." అనబోయిన ప్లంబర్ కాలు బాబాయి కాలి కింద నలిగింది.

అత్తగారు గొంతు సవరించుకుంది. కనుబొమ్మ మాత్రం లేవలేదు. కోడలు దానికేసి ఎంతసేపు చూసినా అది ఉన్నచోటే ఉంది.

"సరే. అయితే కెమెరా ఎందుకు? తీసుకుపో."

"అంత దూరం నుంచి మోసుకొచ్చానండీ," అన్నాడు ప్లంబర్ కాలు రుద్దుకుంటూ, "ఎక్కడో ఒకచోట పెట్టి చూడాల్సిందే. బాబాయ్, మీ లైన్లో పెట్టనా?"

"మా ఇంట్లోనా?" బాబాయి ఎందుకో గోడవతల చెట్టు కింద కూర్చున్న పిన్ని వైపు చూసి నీళ్లు నమిలాడు. "వద్దులే. మాదెప్పుడూ అడ్డుపడదు."

పిన్ని కూడా ఎందుకో ఆయన వైపు చూసి, "వద్దులే బాబూ" అంది.

"పెట్టు" అంది అధ్యక్షురాలు.

పెట్టాడు. తీగ కాస్త లోపలికి పోయిందో లేదో, తెర మీద పైపు అతుకు దగ్గర గోధుమరంగులో సన్నటి పోగులు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతూ కనిపించాయి. నీళ్లలో మెల్లగా ఊగుతున్నాయి. బాబాయి తెర దగ్గరకు వంగి కళ్లు చిట్లించాడు.

"ఏమిటవి? గిన్నెలు తోమే పీచు కదూ?"

"పీచేమిటి బాబాయ్! వేర్లు. ఇన్నాళ్లూ అందరి ఇళ్లలో నువ్వు చూపించావు కదా!"

"ఇవా వేర్లు?" బాబాయి నోరు తెరిచాడు. ఆయన అసలు వేరును వేరని తెలిసి చూడటం అదే మొదటిసారి.

ప్లంబర్ విడమరిచి చెప్పాడు. వేరు గట్టి పైపును పగలగొట్టి లోపలికి రాదు. అతుకు సందులోంచి చెమ్మ కారితే దాన్ని వెతుక్కుంటూ వెంట్రుకంత సన్నగా దూరుతుంది, లోపల నీరు దొరికాక గుబురుగా పెరుగుతుంది. తప్పు చెట్టుది కాదు, అతుకుది.

"అయితే చెట్టు కొట్టక్కర్లేదా?" అని అందరికన్నా ముందు అడిగింది అత్తగారే.

"ఎందుకండీ? ఆ ముక్క తీసేసి, అతుకు లేని కొత్త పైపు వేస్తే సరి. చెమ్మ తగలని చోటికి వేరు పోదు."

"పైపు మార్పించాలని సంఘం తీర్మానించింది. చెట్టు జోలికి ఎవరూ పోవద్దు" అని అత్తగారు ఎవరినీ అడక్కుండానే తీర్మానించేసింది. అప్పటిదాకా కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని కూర్చున్న పిన్ని వెనక్కి వాలి, ఆకుల్లోకి చూస్తూ హమ్మయ్య అనుకుంది. ఆ మాట కోడలిదాకా వినిపించింది.

బాబాయి ఇంకా తెర ముందే ఉన్నాడు. చివరికి పిన్ని దగ్గరకు వచ్చి నేల మీద చతికిలపడ్డాడు.

"నువ్వు కాదన్నమాట."

"ఏం నేను కాదు?"

"మన చాంబర్లో ఎప్పుడు చూసినా ఆ పోగులే ఉండేవి. నువ్వు పీచు ముక్కలు తూములో పడేస్తున్నావనుకున్నా. పోనీలే, మోకాళ్ల నొప్పి, లేచి చెత్తబుట్ట దాకా వెళ్లలేకపోతోంది, అడిగితే బాధపడుతుందని, నువ్వు లేవకముందే శుభ్రం చేసేవాణ్ణి."

పిన్ని ఆయన్ను ఎగాదిగా చూసింది. "మీరు దొంగచాటుగా తీసి పారేస్తుంటే, అవి మీ పనేననుకుని నేను అడగలేదు! నేను పీచుతో గిన్నెలు తోమడం మానేసి ఎంతకాలమైందో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాడు బాబాయి. "నాకు తెలియకుండా తోముతున్నావనుకున్నా."